టీ కొట్టుకు ఉన్న స్పీకరు మన ఫోన్‌కు ఎందుకు లేదు?

బెంగళూరులో అద్దె ఇల్లు మారే తెలుగువాళ్లు ఏదో ఒకటి అమ్మకుండా ఉండరు. మారతహళ్లిలో ఫ్రిజ్, బీటీఎం లేఅవుట్‌లో మంచం. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టగానే ఒకడు ఫోన్ చేస్తాడు. బేరమాడడు, వస్తువు చూడనంటాడు. ‘ఆర్మీలో ఉన్నా, బండి పంపిస్తా, డబ్బు ముందే వేస్తా’ అంటాడు. నమ్మకానికి రెండు రూపాయలు నిజంగానే వేస్తాడు. వెనకాలే 9,000కు క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, పడిపోతాయి’ అంటాడు. పడేది మన ఖాతాలో కాదు.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. డబ్బు తీసుకోవడానికని పిన్ అడిగిందంటే పోతున్నట్టే. వ్యక్తుల మధ్య ‘ఇంత పంపు’ అని అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. మంచి పనే, కానీ క్యూఆర్ దారి తెరిచే ఉంది.

‘పిన్ కొట్టింది మీరే కదా’ అన్నది బ్యాంకుల వాదన. నిబంధన కూడా వాళ్ల వైపే ఉంది: 2017లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బు భారం, బ్యాంకుకు చెప్పేదాకా ఖాతాదారుదే. చెప్పాక పోయేదాని భారం బ్యాంకుది. అందుకే పోయిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయాలి. సిగ్గుపడుతూ సాయంత్రం దాకా ఆగితే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఇంటికొచ్చి కొనేవాళ్లలోనూ దొంగలుంటారు. వాళ్ల ఫోన్‌లో పచ్చ టిక్కు చూసి సోఫా ఎత్తనివ్వకండి. అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లున్నాయి. పది అంకెల నంబరు నుంచి వచ్చిన ‘క్రెడిట్’ మెసేజ్ బ్యాంకుది కాదు. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ పెరిగిందో లేదో చూడండి. 2,000 బదులు పొరపాటున 20,000 వేశానని ఎవడైనా ఏడిస్తే ముందు అదీ అక్కడే చూడాలి. నిజంగా పడితే, వాడు చెప్పిన నంబరుకు తిప్పి పంపకుండా బ్యాంకుకే చెప్పాలి. ఇంకోటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: వచ్చిన మనిషి పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు మరొకటి అయితే తీసుకోవద్దు. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్మయితే పోలీసు ఫిర్యాదుతో మీ ఖాతా ఆగిపోవచ్చు. ప్రకటన, చాటింగ్, వస్తువు ఎక్కించిన బండి ఫొటో దాచుకోండి.

ఇన్ని జాగ్రత్తలూ అమ్మేవాడి నెత్తినే ఎందుకు? ఇదే నగరంలో ఫుట్‌పాత్ మీద టీ అమ్మేవాడు కొనేవాడి ఫోన్ వైపు తల కూడా తిప్పడు. డబ్బాపక్కన పెట్టుకున్న చిన్న స్పీకరు కన్నడంలో ‘ఇంత వచ్చింది’ అని అరుస్తుంది, అతను గ్లాసు అందిస్తాడు. దుకాణదారుకు డబ్బు వచ్చిందని అతని భాషలో చెప్పగలిగిన సాంకేతికత, ఫ్రిజ్ అమ్ముకునే పెద్దావిడకు డబ్బు పోతోందని ఆమె భాషలో చెప్పలేదా? పిన్ తెర మీద మొత్తం, పేరు రాసే ఉంటాయి, నిజమే. చెవిలో ఒకడు తొందరపెడుతుంటే ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? పిన్ కొట్టే ముందు ఫోనే పైకి అనాలి: ‘మీ ఖాతా నుంచి తొమ్మిది వేలు పోతున్నాయి.’ తెలుగులో, గట్టిగా, అవతలి వాడికీ వినపడేలా.