లైవ్ ప్రాజెక్టు గారూ, డిసెంబర్‌లో రాకూడదా?

లైవ్ ప్రాజెక్టు గారికి,

చిత్తూరు పక్కన చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుకునేవాడు నమస్కరించి రాయునది. చదువుకునే పిల్లలు నిజం కంపెనీకి వచ్చి దాని సమస్య మీద పనిచేస్తే దానికి మీ పేరు పెడతారంట. మిమ్మల్ని మాకు పరిచయం చేసింది తిరుపతిలో ఒక ఎంబీఏ కాలేజీ. పేరు ఎందుకులెండి, వాళ్లకీ అడ్మిషన్లు కావాలి కదా. ‘మీ కంపెనీ సమస్యను మా విద్యార్థులు ఆరు వారాల్లో పరిష్కరిస్తారు, ఫీజు లేదు’ అన్నారు. ఫీజు లేదన్న మాట దగ్గరే నేను పడిపోయాను.

మా ఫ్యాక్టరీ ఏడాదికి రెండున్నర నెలలే తిరుగుతుంది. మే ఆఖర్లో బాయిలర్ వెలిగిస్తాం, ఆగస్టు మొదట్లో ఆర్పేస్తాం. తక్కిన కాలమంతా గోడౌన్‌లో డ్రమ్ములు, గేటు దగ్గర వాచ్‌మన్, వాడి కుక్క, ఆఫీసులో నేను. మీరు అప్పుడు వస్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, మూడేళ్ల లెక్కల పుస్తకాలు ముందర పెట్టి ఉందును. అప్పుడు మీరు రారు. మీకు మిడ్ పరీక్షలు, ఫ్రెషర్స్ డే, ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో ఊటీ.

జూన్‌లో వస్తారు. గేటు బయట బెంగళూర కాయల, అదే తోతాపురి మామిడి, ట్రాక్టర్లు మెయిన్ రోడ్డు దాకా నిలబడి ఉంటాయి. రైతు టోకెన్ జేబులో పెట్టుకుని, టవల్ పరుచుకుని ట్రాక్టర్ కిందే పడుకుని ఉంటాడు. నేను నిద్రపోయి రెండు రోజులై ఉంటుంది. సరిగ్గా అప్పుడు నలుగురు పిల్లలు టై కట్టుకుని వచ్చి, “సార్, మీ విజన్ ఏమిటి సార్?” అన్నారు.

“తెల్లారేలోపల ఈ బండ్లు ఖాళీ చేసేది” అన్నాను.

రాసుకున్నారు. మీ రిపోర్టు మూడో పేజీలో అది ‘ఆపరేషనల్ ఎక్సలెన్స్ సాధించుట’ అయి కూర్చుంది.

తరవాత సర్వే అన్నారు. వంద మందిని అడగాలంట, వందకు తగ్గితే గైడు సార్ ఒప్పుకోడంట. చిత్తూరులో ఎండ ఎక్కువని తిరుపతికి పోయి, అలిపిరి మెట్ల దగ్గర నిలబడినారు. 3,550 మెట్లు ఎక్కబోతూ గోవింద నామం చెప్పుకుంటున్న మనిషిని ఆపి, ‘మీరు మామిడి గుజ్జును ఎంత తరచుగా కొనుగోలు చేస్తారు? ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు’ అని అడిగితే ఆయన ఏం చెబుతాడు? అయినా చెప్పినారు పాపం. కొండకు వచ్చిన వాళ్లకు ఓపిక ఎక్కువ. అరవై రెండు మంది ‘అప్పుడప్పుడు’ అన్నారని రంగుల బొమ్మ గీసి పెట్టినారు. మేము అమ్మేది రెండు వందల కిలోల డ్రమ్ముల్లో, కూల్‌డ్రింక్ కంపెనీలకు. అప్పుడప్పుడు డ్రమ్ము కొనే ఆ భక్తులెవరో నాకు చూపిస్తే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను.

చివర్న సూచనలు: ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరవాలి. లోగో రంగు మార్చాలి.

మరి స్వాట్ అనాలసిస్ అని కంపెనీ బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు నాలుగు గడుల్లో రాస్తారు కదా, అందులో ‘ముప్పు’ గడిలో ఏం రాసినారో తెలుసా? ‘కొత్త పోటీదారుల ప్రవేశం’. పోర్టర్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు 1979లో చెప్పినాడంట. ఆయన పెద్దాయన, కాదనను. కానీ ఇది రాసింది 2025 సీజన్‌లోనప్పా! తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీలు ఇస్తే 4 తాను ఇస్తానని ప్రభుత్వమే దిగివచ్చిన ఏడాది. కర్ణాటక కాయ జిల్లాలోకి రాకుండా ఆపితే రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచిన ఏడాది. ఇదంతా మా కాంపౌండు గోడకు అవతలే జరుగుతోంది. మీ ముప్పు మాత్రం పుస్తకంలో నుంచి వచ్చింది.

తప్పంతా మీదే అంటే కళ్లు పోతాయి. కాలేజీ వాళ్లు ఫారం పంపి ‘మీ సమస్యను 20 పదాల్లో రాయండి’ అన్నప్పుడు నేను కాటా దగ్గర నిలబడి ఫోన్‌లో ఏం కొట్టానో తెలుసా? ‘బ్రాండ్ ప్రమోషన్’. రెండే పదాలు. నాకు బ్రాండే లేదు. నా మనసులో ఉన్నది వేరు: కంప్యూటర్ తెలిసిన నలుగురు పిల్లలు ఊరికే దొరికితే స్టాక్ ఎంట్రీ చేయించుకుందామని.

మీ తాతల సంగతి ఈ మధ్యే తెలిసింది. 1967లో ఫ్రాన్స్‌లో ఎసెక్ అనే బిజినెస్ స్కూల్ పిల్లలు ‘జూనియర్ ఎసెక్’ అని సొంతంగా కన్సల్టెన్సీ పెట్టి, కంపెనీలకు పని చేసి, బిల్లు వేసినారంట. బిల్లు! నాకూ ఎవరైనా బిల్లు వేసి ఉంటే ‘బ్రాండ్ ప్రమోషన్’ అని కొట్టి ఉండనేమో. డబ్బులు పెట్టేటప్పుడు మనిషికి తన సమస్య ఏమిటో వెంటనే గుర్తొస్తుంది. నేను మీకు ఇచ్చింది మధ్యాహ్నం భోజనం, తలా రెండు కిలోల కాయలు, సర్టిఫికెట్ మీద సంతకం.

ఒక్క మాట మాత్రం దాచుకోలేను. ఆ నలుగురిలో దామలచెరువు పక్క నుంచి వచ్చిన పాప ఒకతి ఉండింది. అలిపిరికి పోలేదు. ఐదు రోజులు కాటా గది మెట్టు మీద కూర్చుని, తూకం చీటీల వెనకాల ఏదో రాసుకుంటా ఉండింది. టోకెన్ నంబరు, బండి వచ్చిన టైము, కాటా ఎక్కిన టైము, బయటికి పోయిన టైము. ఐదో రోజు వచ్చి చెప్పింది: “అంకుల్, బండ్లు కాయ దించేదానికి ఆగడం లేదు. ఖాళీ అయినాక మళ్లీ తూకానికి ఇదే కాటా ఎక్కాల కదా, ఆ ఖాళీ బండి నిండు బండ్ల వెనకాలే నిలబడతా ఉంది. ఖాళీ వాటికి వేరే లైను పెట్టండి.”

పద్దెనిమిదేళ్లుగా ఆ కాటా నాది.

“ఇంత బాగా ఎట్లా కనిపెట్టినావమ్మా?” అంటే, “మా నాయన పోయినేడు మీ గేటు దగ్గర రెండు రాత్రులు పడుకున్నాడు” అంది.

ఆ సాయంత్రమే గొలుసు కట్టి వేరే లైను పెట్టినాను. రిపోర్టులో ఈ సంగతి వెతికితే లేదు. గైడు సార్ కొట్టేసినాడంట, ‘థియరీ ఎక్కడుంది?’ అని. తూకం చీటీలకు స్పైరల్ బైండింగ్ కూడా కుదరదు కదా.

ఈ ఏడు మళ్లీ ఫారం వచ్చింది. ఈసారి బుద్ధిగా కూర్చుని రాద్దామనుకున్నాను: ‘నిండు సీజన్‌లో ఒక బండి మా గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగుతోంది, ఎందుకు?’ తీరా చూస్తే ఈసారి రాసే గడి తీసేసి జాబితా పెట్టినారు: మార్కెటింగ్, ఫైనాన్స్, హెచ్‌ఆర్. కింద ‘ఇతరములు’ ఉంటే దాన్ని నొక్కినాను. తరవాత తేదీ అడిగింది. డిసెంబర్ కోసం వేలితో తోస్తా పోయినాను. జూన్ దాటి కదల్లేదు.

ఇట్లు,
కాటా గదిలో నుంచి,
మీ పాత క్లయింటు