ఎండుమిర్చి గింజలు మొలుస్తాయి
కొన్న ఎండుమిర్చి గింజలు మొలకెత్తవని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తొందర వద్దు. ఎండలో ఆరిన కాయల గింజలు తరచుగా మొలుస్తాయి. పొగలోనో, ఎక్కువ వేడిలోనో ఎండబెట్టిన కాయలతోనే చిక్కు. నేను 10 గింజలు తడి కాగితంలో మడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టాను. తొమ్మిదో రోజున తెల్లని వేరు మొన ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. రెండు వారాలకు ఆరు మొలిచాయి, అన్నీ లేత పసుపు గింజలే. నల్లబడ్డ నాలుగూ బూజు పట్టాయి. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, చలిలో అవి కదలవు. తల్లికాయ హైబ్రిడ్ అయితే మాత్రం పిల్ల మొక్కలన్నీ దాని పోలికతో రావు. నా ఆరింటిలో ఒకటి కాయలను ఆకాశంకేసి నిలబెట్టింది, మిగిలినవి వేలాడదీశాయి. గింజలు తీసిన చేతితోనే కన్ను నులుముకున్న సంగతి ఇక్కడ వద్దులెండి.