కడుపుతో ఉన్న పిల్లను మంచానికి కట్టేసే సందేశం

గుంటూరులో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉన్న ఏ ఇంటినీ ఈ వాట్సాప్ సందేశం వదిలినట్టు లేదు. మా బ్రాడీపేట ఇంటికే ముగ్గురు బంధువులు పంపారు: "ఏడో నెల దాటితే గర్భిణికి నిలకడ తప్పుతుంది. వ్యాయామం చేస్తే కీళ్లు ఇంకా వదులై పడిపోతుంది. కాన్పు దాకా వెల్లకిలా పడుకుని విశ్రాంతి తీసుకోవాలి. రాత్రి నిద్ర పట్టకపోయినా పగలు పడుకుంటే చాలు." పురిటికి వచ్చిన మా అమ్మాయి ఇది చదివి రెండు రోజులు నడక మానేసింది.

మొదటి మాట నిజమే. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు ఒరుగుతుంది, నడుము లోపలికి వంగుతుంది. హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే బంధనాలు కొంత సడలుతాయి. పైగా మెట్టు దిగేటప్పుడు తన పాదాలు తనకే కనిపించవు. అమెరికాలో వేల మంది బాలింతలను అడిగితే, గర్భంతో ఉండగా పడ్డామన్నవారు నాలుగో వంతుకు పైనే.

రెండో మాట దగ్గరే తల తిరుగుతుంది. బంధనం సడలినప్పుడు కీలును ఆదుకోవలసింది కండరమే కదా? తొడలు, పిరుదులు, నడుము కండరాలు వారాల తరబడి మంచం మీద ఉంటే నీరసించిపోతాయి. గర్భిణులకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఇక్కడి మే నెల ఎండలో కాదు లెండి, తెల్లవారుజామున మేడ మీద నడిచినా చాలు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు పోవడం, బీపీ పెరగడం, ముందే నొప్పులు రావడం వంటివి ఉన్నవారి సంగతి వేరు. వారికి డాక్టరు మాటే మాట.

ఇక వెల్లకిలా పడుకోవడమా! నెలలు నిండే కొద్దీ బరువెక్కిన గర్భసంచి వెన్నెముక పక్కనున్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పడకుండా ఉండటానికి ఇచ్చిన సలహాయే పడేసేలా ఉంది. పక్కకు తిరిగి పడుకోవాలి. ఎడమవైపు అయితే మేలు, నిద్రలో కుడివైపు తిరిగితే కొంపలేమీ మునగవు.

నిద్ర గురించి అంత తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చలేదు. కళ్లు, లోపలి చెవి, పాదాలు పంపే కబుర్లను మెదడు క్షణంలో కూడగడితేనే మనిషి తిన్నగా నిలబడేది. నిద్ర చాలని మెదడు అక్కడే తడబడుతుంది. పగలు గంటల కొద్దీ పడుకుంటే రాత్రి నిద్ర మరీ చెడుతుంది. ఆ పైన రాత్రి మూడుసార్లు బాత్రూముకు లేవాలి, చీకటి, తడి గచ్చు. మేము దారిలో చిన్న బల్బు పెట్టాం, జారే పట్టా తీసేశాం. లేవగానే మంచం అంచున కాసేపు కూర్చోమన్నాం. నీళ్లు పగలే ఎక్కువగా తాగిస్తున్నాం.

రక్తహీనత ఊసే ఆ సందేశంలో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు. కళ్లు తిరుగుతున్నాయంటే మంచం ఎక్కించడం కన్నా ముందు రక్తపరీక్ష చేయించాలి. ఒకవేళ పడితే ఏం చేయాలో కూడా అందులో లేదు. పొట్టకు దెబ్బ తగిలినా, రక్తం కనిపించినా, నీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తెల్లారనిద్దామని ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.