వియన్నాలో శాంతి దయతో రాలేదు, డాన్సులతో అసలే రాలేదు

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా ఒక పోస్టు మళ్ళీ చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: "నెపోలియన్‌ని ఓడించాక 1815లో యూరప్ రాజులంతా వియన్నాలో కలిశారు. విందులు, డాన్సుల మధ్య స్నేహంగా మ్యాపు గీసుకున్నారు. ఓడిన ఫ్రాన్సు దగ్గర పైసా తీసుకోకుండా క్షమించేశారు. ఎవరి రాజ్యం వాళ్ళకి తిరిగిచ్చేశారు. ఇదంతా ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ఒక్కడి బుర్ర. ఆ తర్వాత వందేళ్ళు యుద్ధం లేదు. 1919లో కూడా ఇలాగే చేసి ఉంటే హిట్లర్ వచ్చేవాడే కాదు." కింద వరసగా దండం ఎమోజీలు.

చదవడానికి హాయిగానే ఉంది. ముక్కముక్కగా చూస్తే నిలబడేది చాలా తక్కువ.

"ఓడించాక కలిశారు." తేదీల దగ్గరే తేడా కొట్టింది. నెపోలియన్ 1814 ఏప్రిల్‌లో గద్దె దిగి ఎల్బా దీవికి వెళ్ళాడు. ఆ సెప్టెంబర్‌లో వియన్నాలో అందరూ చేరారు. మాటలు సాగుతుండగానే, 1815 ఫిబ్రవరి 26న, ఆయన ఎల్బా నుంచి తప్పించుకున్నాడు. మెటర్నిక్ తన జ్ఞాపకాల్లో ఆ ముచ్చట చెప్పుకున్నాడు. మార్చి 7న తెల్లవారుజామున మూడింటిదాకా మీటింగులో ఉండి వచ్చి పడుకున్నాడు. ఆరింటికి నౌకరు ఒక అర్జంటు కవరు తెచ్చాడు. జెనోవాలోని కాన్సులేట్ నుంచే కదా అని దాన్ని పక్కన పడేసి అటు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టక ఏడున్నరకు విప్పితే, నెపోలియన్ మాయమయ్యాడన్న కబురు! వియన్నా తుది ఒప్పందం మీద సంతకాలు జూన్ 9న అయ్యాయి, వాటర్లూ యుద్ధం జూన్ 18న జరిగింది. అంటే ఆఖరి యుద్ధం కంటే ముందే శాంతిపత్రం సిద్ధమైపోయింది.

"విందులు, డాన్సులు." ఉన్నాయి, కాదనలేం. సభ డాన్సు చేస్తోంది కానీ ముందుకు నడవడం లేదని లీన్యే ప్రభువు అప్పట్లోనే జోకు వేశాడు. కానీ ఆ హడావుడి ఎక్కువగా చేతిలో పని లేని చిన్న రాజులకూ వాళ్ళ పరివారానికీ. అందరూ ఒకచోట కూర్చుని చర్చించిన పూర్తి సభ ఒక్కటి కూడా జరగలేదు. పనంతా కమిటీల్లో జరిగింది: జర్మన్ వ్యవహారాలకొకటి, స్విట్జర్లాండ్‌కొకటి, నదుల్లో పడవల రాకపోకలకొకటి, బానిస వ్యాపారానికొకటి, చేతులు మారే ప్రాంతాల జనాభా లెక్కకొకటి. రాయబారుల్లో ముందు ఎవరు కూర్చోవాలన్న పాత తగాదాను తేల్చడానికి కూడా ఒకటి పెట్టి, ముందు వచ్చి చేరినవాడే ముందు అని తీర్మానించారు. ఇక డాన్సు హాలు బయట పోలీసు అధిపతి హాగర్ మనుషులు అతిథుల చిత్తుబుట్టలు వెతికేవాళ్ళు, ఉత్తరాలు విప్పి చదివేవాళ్ళు. ఆ రిపోర్టులన్నీ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్సిస్ బల్ల మీదికే చేరేవి. ఆతిథ్యం అంటే అదన్నమాట.

"స్నేహంగా గీసుకున్నారు." ఇదే అన్నిటికంటే పెద్ద అబద్ధం. రష్యా జార్ అలెగ్జాండర్‌కి పోలండ్ కావాలి. జర్మన్ రాజ్యమైన ప్రష్యాకి పక్కనే ఉన్న సాక్సనీ రాజ్యం మొత్తం కావాలి. ఇద్దరూ ఒకరికొకరు వత్తాసు. అలా జరిగితే తమ నెత్తిన కూర్చుంటారని ఆస్ట్రియా భయం, బ్రిటన్‌కీ అదే టెన్షన్. ఓడిన ఫ్రాన్సు తరఫున వచ్చిన టాలీరాండ్ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. సెప్టెంబర్ 30న పెద్దలు అతన్ని ఒక మీటింగుకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో 'మిత్రపక్షాలు' అనే మాట కనబడగానే పట్టుకున్నాడు: ఎవరి మీద మిత్రపక్షాలు? నెపోలియన్ మీదా? ఆయన ఎల్బాలో ఉన్నాడు. మా రాజు మీదా? ఆయనతో శాంతి కుదిరిపోయింది కదా! ఇది టాలీరాండ్ తన రాజుకి, అంటే నెపోలియన్ తర్వాత గద్దెక్కిన పద్దెనిమిదో లూయీకి, రాసుకున్న కథనం కాబట్టి కాస్త గొప్పలు కలిసే ఉంటాయి. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం రికార్డుల్లో ఉంది. డిసెంబర్ చివరికి ప్రష్యా యుద్ధం మాట ఎత్తింది. సరిగ్గా అప్పుడే, డిసెంబర్ 24న గెంట్‌లో, అప్పటిదాకా యుద్ధం చేస్తున్న అమెరికాతో సంధి కుదిరి బ్రిటన్ చేతులు ఖాళీ అయ్యాయి. 1815 జనవరి 3న బ్రిటన్, ఆస్ట్రియా, ఫ్రాన్సు రహస్య ఒప్పందం చేసుకున్నాయి. దాడి జరిగితే తలా లక్షా యాభై వేల సైన్యం అని మాట. నిన్నటి శత్రువుతో చేతులు కలిపి నిన్నటి మిత్రుల మీద యుద్ధానికి సిద్ధపడ్డారు!

ఆ బెదిరింపు పనిచేసింది. ఫిబ్రవరికల్లా బేరం తెగింది. జనాభా లెక్కన సాక్సనీలో ఐదింట రెండు వంతులు, వాటితో పాటు రైన్ నది వెంబడి ప్రాంతాలు ప్రష్యాకి దక్కాయి. పోలండ్‌లో పెద్ద భాగం జార్‌కి పోయింది. ఎవరికీ అడిగినంతా దక్కలేదు, అలాగని ఎవరూ వట్టి చేతులతో వెళ్ళలేదు. నా దృష్టిలో వియన్నా అసలు విజయం ఇదే: ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోయినా బల్ల దగ్గర నుంచి లేచిపోకుండా ఉండటం.

"పైసా తీసుకోకుండా క్షమించారు." 1814 మే నాటి మొదటి పారిస్ ఒప్పందం వరకైతే ఇది నిజమే. పరిహారం అడగలేదు, 1792 నాటి సరిహద్దులు ఇచ్చారు. ఇండియాలో యానాం, పుదుచ్చేరి లాంటి స్థావరాలు కూడా తిరిగిస్తామన్నారు, కోటలు కట్టకూడదు, పోలీసు అవసరానికి మించి సైనికుల్ని పెట్టకూడదు అన్న షరతుతో. కానీ నెపోలియన్ తిరిగొచ్చి, జనం ఆయన వెంట నడిచాక లెక్క మారింది. 1815 నవంబర్ 20 నాటి రెండో ఒప్పందంలో 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం, 1790 నాటి సరిహద్దులు, ఐదేళ్ళ వరకు లక్షా యాభై వేల పరాయి సైన్యం మకాం. వాళ్ళ ఖర్చు కూడా ఫ్రాన్సుదే. వెనిస్ నుంచి ఎత్తుకొచ్చిన కంచు గుర్రాలు వెనిస్‌కి వెళ్ళిపోయాయి. ప్రష్యా సేనాని బ్లూషర్ అయితే పారిస్‌లో ఏకంగా ఒక వంతెన పేల్చేయబోయాడు, దాని పేరు తమ పాత ఓటమిని గుర్తుచేస్తోందని. ఇది క్షమాపణ ఎలా అవుతుంది? కాకపోతే ఇక్కడ తెలివైన పని ఒకటుంది: శిక్షకి గడువు పెట్టారు. ఫ్రాన్సు అప్పులు తెచ్చి కట్టింది, 1818లో ఎక్స్-లా-షపెల్ సమావేశం తర్వాత సైన్యం రెండేళ్ళు ముందే వెళ్ళిపోయింది, ఫ్రాన్సు పెద్దల వరసలో కూర్చుంది.

"ఎవరి రాజ్యం వాళ్ళకి." వెనిస్ గణతంత్రాన్ని ఆస్ట్రియాకి, జెనోవాని సార్డీనియా రాజుకి ఇచ్చేశారు. బెల్జియంని డచ్చివాళ్ళతో కలిపారు. డెన్మార్క్ నుంచి లాక్కున్న నార్వే స్వీడన్ కిందే ఉండిపోయింది. నెపోలియన్‌కి ముందు మూడు వందలకు పైగా ఉన్న జర్మన్ సంస్థానాలు 39 అయ్యాయి. నెపోలియన్ దయతో రాజులైన బవేరియా, వుర్టెంబర్గ్ ఏలికలు రాజులుగానే మిగిలారు. ఆయన సేనాని బెర్నడాట్ స్వీడన్ యువరాజుగా దర్జాగా కొనసాగి 1818లో రాజయ్యాడు. చేతులు మారిన జనాన్ని అడిగినవాళ్ళు లేరు. బానిస వ్యాపారం ఘోరమని ఫిబ్రవరి 8న ప్రకటించారు కానీ, ఎప్పుడు ఆపాలో తేదీ పెట్టలేదు.

"మెటర్నిక్ ఒక్కడి బుర్ర." బ్రిటన్ మంత్రి కాసిల్‌రే లేకపోతే జనవరి ఒప్పందమే లేదు. జార్‌కీ మెటర్నిక్‌కీ నెలల తరబడి ఎడమొహం పెడమొహం. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

"వందేళ్ళు యుద్ధం లేదు." 1853లో మొదలైన క్రిమియా యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సులు రష్యాతో తలపడ్డాయి. 1859లో ఇటలీ గడ్డ మీద, 1866లో ఆస్ట్రియా, ప్రష్యాల మధ్య, 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధాలు జరిగాయి. పెద్ద రాజ్యాలు తమలో తాము కొట్టుకోకుండా ఉన్నది నలభై ఏళ్ళలోపే. అది కూడా తక్కువేం కాదు. 1815 నవంబర్‌లో గెలిచిన నాలుగు రాజ్యాలు తమలో తాము చేసుకున్న కూటమి ఒప్పందంలోని ఆరో అధికరణ ప్రకారం అప్పుడప్పుడూ కలవాలని రాసుకున్నారు, కలిశారు కూడా. ఆ అలవాటుకి చెడ్డ వైపూ ఉంది. 1821లో నేపుల్స్‌లో, 1823లో స్పెయిన్‌లో రాజ్యాంగం కోరినవాళ్ళని అణచడానికి సైన్యాలు వెళ్ళాయి. బ్రిటన్‌కి అది నచ్చక దూరం జరిగింది. మంచి వైపు చూడాలంటే బెల్జియం. 1830లో అది డచ్చివాళ్ళ మీద తిరగబడితే పెద్ద యుద్ధం రావాల్సింది. లండన్‌లో ఐదు రాజ్యాల రాయబారులు కూర్చుని, ఏళ్ళ తరబడి సాగదీసి, 1839లో దాన్ని తటస్థ దేశంగా తేల్చారు. తాము వియన్నాలో వేసిన ముడిని తామే విప్పారు.

"1919లో ఇలాగే చేసి ఉంటే." మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం రాసేటప్పుడు, ఓడిన జర్మనీని బల్ల దగ్గరికి రానివ్వలేదు, షరతులు రాసి చేతికిచ్చారు. ఆ విమర్శ న్యాయమే. అయితే 1815 నవంబర్‌లో ఫ్రాన్సు మెడ మీద పెట్టిన షరతులు కూడా దాదాపు అలాంటివే. అప్పుడు గెలిచినవాళ్ళు తాము కూర్చోబెట్టిన రాజుతోనే మాట్లాడుకున్నారన్నది కూడా మరవకూడదు. అసలు తేడా గెలిచినవాళ్ళ వైపు ఉంది. 1815లో బ్రిటన్, ఆస్ట్రియా, రష్యా, ప్రష్యా ఆ రెండో ఒప్పందం కుదిరిన రోజే తమ కూటమిని మళ్ళీ రాసుకుని, ఫ్రాన్సు మీద కన్నేసి ఉంచాయి. 1919 నవంబర్‌లో, మళ్ళీ 1920 మార్చిలో అమెరికా సెనేట్ వెర్సాయ్ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. జర్మనీ మళ్ళీ మీద పడితే ఆదుకుంటామని అమెరికా, బ్రిటన్ ఫ్రాన్సుకిచ్చిన హామీ దాంతోనే గాల్లో కలిసిపోయింది.