పైజామా కాలితే గానీ సీటు రాదా?

యూనివర్సిటీకి అప్లై చేసే పిల్లలందరూ పుట్టగానే కేర్‌మనకుండా నేరుగా ఎకనామిక్స్ మీద ఆసక్తి కనబరిచారట. నేనంటున్న మాట కాదిది, వాళ్ళ పర్సనల్ స్టేట్‌మెంట్లే, అంటే సీటు కోసం తమ గురించి తామే రాసుకునే వ్యాసాలే చెప్తున్నాయి. "చిన్నప్పటి నుంచీ నాకీ సబ్జెక్టంటే ప్రాణం" అన్న ముక్క లేకుండా మొదలయ్యేది ఒక్కటి చూపించండి, రాసినోళ్ళకి పాదాభివందనం చేస్తా. మరి ఆ చిన్నప్పుడు వీళ్ళెవరూ మట్టి తినలేదా, గోడల మీద గీతలు గీయలేదా, హోంవర్క్ ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని దొర్లలేదా అంటే, అబ్బే, ఆ టైములో ద్రవ్యోల్బణం గురించి దిగులు పడుతున్నారు.

బ్రిటన్‌లో చదవాలంటే యూకాస్ అనే సంస్థ ద్వారా అప్లై చేయాలి కదా, వాళ్ళిచ్చే జాగా మొత్తం 4,000 క్యారెక్టర్లు. అక్షరాలొక్కటే కాదండోయ్, మాటకీ మాటకీ మధ్య వదిలే ఖాళీ కూడా లెక్కలోకే వస్తుంది, అంటే ఏమీ రాయని చోటుకి కూడా బిల్లు పడుద్దన్నమాట. ఈ జాగాలోనే పుట్టుక, ఆసక్తి, జ్ఞానోదయం, నాయకత్వ లక్షణాలు, వినయం అన్నీ సర్దాలి. వినయం మరీ కష్టం, ఎందుకంటే నేనెంత గొప్పోణ్ణో చెప్పుకుంటూనే మధ్యమధ్యలో ఒదిగి కూడా ఉండాలి.

అసలు సంగతికొస్తా. 2007లో యూకాస్ వాళ్ళు కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి ఓ 50,000 స్టేట్‌మెంట్లు వడపోస్తే ఒక విషయం బయటపడింది. 234 మంది, ఎనిమిదో పుట్టినరోజు నాడు కెమిస్ట్రీ సెట్‌తో ప్రయోగాలు చేస్తూ పైజామాకి చిల్లులు పెట్టుకున్నారట, సైన్స్ మీద మోజు అక్కడే పుట్టిందట. రెండొందల ముప్ఫై నాలుగు పైజామాలు! ఇది నేను చాలా సీరియస్‌గా ఆలోచించాల్సిన విషయం అనుకున్నా. ఒక్కడిది కూడా చొక్కా కాలలేదు, లాగు కాలలేదు, పక్కనున్న చెల్లెలి గౌను కాలలేదు. ఆసిడ్ కూడా ఎంత పద్ధతైనదో చూడండి, పైజామా తప్ప ఇంకోటి ముట్టుకోదు. పుట్టినరోజు పూట కొత్త బట్టలేసుకోకుండా పైజామాలో ఎందుకున్నాడని ఏ ఒక్కరూ అడగలేదు. అమ్మ వీపు విమానం మోత మోగించిందన్న ముక్క కూడా ఎక్కడా లేదు, వీళ్ళ ఇళ్ళల్లో అమ్మలు కాలిన బట్ట చూసి "ఆహా, మా వాడికి శాస్త్రీయ దృక్పథం అబ్బింది" అని కళ్ళు తుడుచుకుంటారు కాబోలు. ఇక ఆ ఆఫీసులో కూర్చుని చదివేవాడి సంగతి, మొదటి పైజామాకి ముచ్చట పడుంటాడు, పదో పైజామాకి ఈ కెమిస్ట్రీ సెట్ల కంపెనీ మీద కేసెయ్యాలి అనుకునుంటాడు, నూరోదానికి తన పైజామా ఒకసారి తడిమి చూసుకునుంటాడు.

ఈ కథలు పడలేకో ఏమో, 2026లో చేరేవాళ్ళ నుంచి ఒక్క పెద్ద వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టారు. ఈ కోర్సే ఎందుకు, ఇప్పటిదాకా చదివింది దీనికెలా పనికొచ్చింది, చదువు బయట ఏం చేశావ్. ఒక్కోదానికి కనీసం 350 క్యారెక్టర్లు రాయాల్సిందే, మొత్తం మాత్రం అదే 4,000. బావుంది. ఒకే అబద్ధం ఏకబిగిన చెప్పే బదులు మూడు వాయిదాల్లో చెప్పుకోవచ్చు.

ఎందుకంటే నిజం రాస్తే ఎలా ఉంటుందో తెలుసుగా. "లెక్కలు పర్వాలేదు, ఈ కోర్సు చేస్తే ఉద్యోగం దొరుకుద్దన్నారు, ఇందులో ఏముందో నాకూ పెద్దగా తెలీదు, తెలుసుకుందామనే వస్తున్నా." పదిహేడేళ్ళ పిల్లాడు ఇంతకన్నా నిజాయితీగా ఏం చెప్తాడు? కానీ ఇలా రాసినోడికి సీటిచ్చే మొనగాడెవడో చూపించండి. పైగా సలహాల్లో మొదటిది "నువ్వు నీలాగే రాయి" అనట, నీలాగే రాసి చూడు తెలుస్తుంది.

డబ్బున్న ఇంట్లో ఈ బాధ లేదు. పర్సనల్ స్టేట్‌మెంట్ దిద్దిపెట్టడానికి ఒకాయన వస్తాడు, ఆయన దిద్దింది దిద్దడానికి ఇంకొకాయన. పర్సనల్ అన్నమాటేగానీ నలుగురి చెయ్యి పడుతుంది. సెలవుల్లో రెండు వారాలు ఎక్కడో పేదపిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి టికెట్ కొని పంపిస్తారు, వాడు తిరిగొచ్చి "నేర్పడానికి వెళ్ళి నేనే వాళ్ళ దగ్గర జీవితం నేర్చుకున్నా" అని రాస్తాడు. ఆ పిల్లలకి ఇంగ్లీషు వచ్చిందా లేదా అన్నది మాత్రం రాయడు.

మరి లేనోడు ఏం అమ్ముకోవాలి? అమెరికాలో ఒకే దరఖాస్తుతో చాలా కాలేజీలకి అప్లై చేసుకునే కామన్ యాప్‌లో 650 పదాలు దాటకుండా రాయడానికిచ్చే ఏడు టాపిక్కుల్లో ఒకటి, నీకెదురైన కష్టమో ఓటమో చెప్పు, దాన్నుంచి ఏం నేర్చుకున్నావ్ అని. ఎంచుకోమని ఎవరూ బలవంతం చెయ్యరు, నిజమే, కానీ చేతిలో ఇంకేం లేనోడు ఏది ఎంచుకుంటాడో మీకు తెలీదా? నాన్న పోయిన సంగతి బయటికి తీస్తాడు. అది రాసి, చదివి, ఇంకా కదిలించేలా లేదని మళ్ళీ రాసి, పదాలెక్కువయ్యాయని హాస్పిటల్‌లో ఆఖరి రాత్రి గురించి రాసిన రెండు లైన్లు కొట్టేస్తాడు. ఏం మనుషులండీ మీరు? చావు నుంచి పిల్లాడు ఏం నేర్చుకుంటాడు, టీమ్‌వర్కా, టైమ్ మేనేజ్‌మెంటా? వాడికి ఫీజు కట్టే దిక్కు లేదని తెలుసుకోవడానికి మీకు ఇన్‌కమ్ కాగితం చాలు, చదువొచ్చో రాదో తెలుసుకోవడానికి మార్కుల షీటుంది, చాలకపోతే పిలిచి నాలుగు లెక్కలివ్వండి. వాళ్ళ నాన్న జోలికి మాత్రం పోకండి.