మూడు కొయ్యల ప్రయాణం

కష్టానికి ఇంగ్లిషులో ‘ట్రవెయిల్’ అని ఒక మాట ఉంది, పురిటి నొప్పులకూ అదే వాడేవారు. మనం రోజూ అనే ‘ట్రావెల్’ దాని తోబుట్టువే. ఇద్దరికీ తాత లాటిన్‌లోని ట్రిపాలియం. ట్రి అంటే మూడు, పాలుస్ అంటే కొయ్య. మూడు కొయ్యలకు మనిషిని కట్టి హింసించే సాధనమన్నమాట. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి అది ‘ట్రవాయ్’ అయింది, వాళ్లకిప్పుడు దానర్థం పని (ఎంత నిజాయితీ చూడండి). ఇంగ్లండు చేరేసరికి, ఆ రోజుల్లో ఊరు దాటడమంటే బురదా దొంగలూ కాళ్ల పుండ్లూ కాబట్టి, కష్టపడటమన్న మాటే ప్రయాణానికి పేరైపోయింది. తర్వాత రైళ్లొచ్చాయి, విమానాలొచ్చాయి, ఇంగ్లిషువాళ్లు అసలర్థం మర్చిపోయారు.

కంగారేం లేదు. బెంగళూరులో మేం దాన్ని భద్రంగా కాపాడుతున్నాం.

ఆ మూడు కొయ్యలూ ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉన్నాయి, ట్రాఫిక్ కదలని కూడళ్లు: సిల్క్ బోర్డు, మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ. పొద్దున ఆఫీసుకు పోవడం ట్రావెల్, పోయాక చేసేది ట్రవాయ్, సాయంత్రం మళ్లీ అవే కొయ్యలు. సంస్కృతంలో ప్రయాణం, ప్రయాస వేర్వేరు ధాతువుల నుంచి వచ్చాయంటారు పండితులు. ఆ పండితులెవరూ సంక్రాంతికి ఊరెళ్లడానికి టికెట్ బుక్ చేసి ఉండరు. వ్యయప్రయాసలు అన్న పెద్దలకు మాత్రం రేట్లు తెలిసే వ్యయం ముందు పెట్టారు.

నమ్మకపోతే శుక్రవారం రాత్రి మడివాళ రండి. మొన్న నాది తొమ్మిదిన్నర బస్సు. మూసేసిన షాపు ముందు ఒక పెద్దావిడ సూట్‌కేసు మీద కూర్చుని, పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, "బస్సెక్కాక తింటాలే బాబూ" అంది. డ్రైవర్‌కు ఫోన్ చేస్తే "సిల్క్ బోర్డు దగ్గరున్నాం సార్, ఐదు నిమిషాలు" అన్నాడు. పదింటికీ అదే మాట, పది నలభైకీ అదే మాట, నడిచొచ్చినా ఈపాటికి వచ్చేసేవాడు. పదకొండింటికి ఆవిడ డబ్బా తెరిచి నాకూ మూతలో కొంచెం పెట్టింది. అప్పుడు మలుపు తిరిగి ఒక బస్సొచ్చింది, ఒంటి నిండా పెద్ద పెద్ద అక్షరాలు: ట్రావెల్స్. ఒక్క ట్రావెల్ చాలదని బహువచనం.

"ఇదేనా బాబూ మనది?" అంటూ ఆవిడ గబగబా మూత అడిగింది.

"కాదండీ, ఇది ఎనిమిదిన్నరది."