బాత్రూముకు అడ్డం నిలిచిన స్లైడ్-అవుట్ గారికి

మహారాజశ్రీ స్లైడ్-అవుట్ గారి సముఖమునకు,

అత్తాపూర్ నుంచి ఒక కుటుంబ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కాని, ఈ పక్కన కుశలం అంతగా లేదు. నా నడుము పట్టేసింది, చొక్కాకు అంటిన ఎర్రమట్టి మూడు ఉతుకులకూ వదలలేదు, మా ఆవిడ నాతో అవసరమైన మేరకే మాట్లాడుతోంది. తమరు మాత్రం బాలానగర్ షెడ్డులో ఎండకు ఒళ్లారబెట్టుకుంటూ క్షేమంగా ఉన్నారని మేస్త్రీ ఫోనులో చెప్పాడు. సంతోషం.

కారు వెనక లాక్కుపోవడానికి మేము కట్టించుకోబోయే ఇల్లులాంటి ట్రెయిలర్‌కు తమరు, అంటే బండి ఆగాక గోడలోంచి బయటికి జరిగే గది, కావాలో వద్దో సోమవారం పదింటికల్లా చెప్పాలి. గోడ ఫ్రేముకు వెల్డింగు మొదలైతే ఆ తర్వాత తమరి కోసం ఎనిమిదడుగుల కంత పెట్టడం కుదరదట. పెట్టినా గోడ బలం పోతుందట. అందుకని, నిర్ణయించుకునే ముందు వాడి చూడండంటూ షెడ్డువాళ్లు తమరున్న నమూనా బండిని శని, ఆదివారాలకు మాకు అప్పగించారు. ఆ శనివారం మధ్యాహ్నం నాలుగింటి నుంచి దాదాపు ఆరింటి దాకా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ మీద, వానలో, నేను తమరి కిందనే వెల్లకిలా పడుకుని గడిపాను కాబట్టి, మన మధ్య ఈ మాత్రం చనువు ఏర్పడిందనే అనుకుంటున్నాను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. రోడ్డు మీద నడిచే బండి వెడల్పుకు చట్టం గీత గీసింది. మన దగ్గర 2.6 మీటర్లు, అమెరికా పెద్ద రహదారుల మీద 102 అంగుళాలు. రెండూ ఇంచుమించు ఒకటే. నడిచేటప్పుడు ఆ గీత దాటకుండా, ఆగిన తర్వాత దాటడం ఎలా అని ఆలోచించినవాళ్లకు తట్టిన ఉపాయమే తమరు. బండి గోడలో ఒక భాగాన్ని, దానికి అతుక్కున్న సోఫాతో సహా, మోటారుతో బయటికి తోస్తారు. మా అమ్మ తమరిని మొదటిసారి చూసి "ఇది సొరుగు గదిరా" అంది. ఇంతకు మించిన నిర్వచనం ఏ కంపెనీ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. నమూనా బండిలో తమరు ముప్పై అంగుళాలు బయటికి వస్తారు, పొడవు ఎనిమిదడుగులు; అంటే ఇరవై చదరపు అడుగులు. మెట్ల కింద జాగాను, లిఫ్టు ముందు జాగాను కూడా కలిపి లెక్కగట్టే సూపర్ బిల్టప్ ఏరియాకు అలవాటు పడ్డ హైదరాబాదువాడికి ఇరవై అడుగుల ఆశ చూపిస్తే చాలు, మిగతా సంతకాలు వాడే పెట్టేస్తాడు. నేనూ పెట్టబోయినవాడినే.

అసలు మాకు ట్రెయిలర్ ఎందుకో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, షుగరు ఉంది, రెండు మోకాళ్లూ అరిగాయి. ఊరికి బయలుదేరాలంటే ఆమె ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. దారిలో ఎక్కడ ఆగాలి, అక్కడ బాత్రూము ఎలా ఉంటుంది, కమోడు ఉంటుందా అన్న భయంతో నాలుగేళ్లుగా ఏ ప్రయాణానికీ రావడం లేదు. మన బాత్రూమును మన వెనకే లాక్కుపోదాం అనే ఒకే ఒక్క ఆలోచనతో ఈ ట్రెయిలర్ మాట మా ఇంట్లో పుట్టింది. ఏసీ, ఫ్రిజ్, పిల్లలకు పై బెర్తులు అన్నీ ఆ తర్వాత దాని వెంట వచ్చినవే.

శనివారం పొద్దున చేవెళ్ల రోడ్డు ఎక్కాం. రెండు వైపులా మర్రులు, చల్లటి నీడ. అమ్మ ఆ పొద్దున, నా మాట నమ్మి, రెండు గ్లాసుల నీళ్లు తాగి మరీ బయలుదేరింది. మొయినాబాద్ దాటాక "బిడ్డా, జర ఆపుతవా" అంది. ఒక మర్రి కింద ఎడమ పక్కకు ఆపి, గర్వంగా దిగి, ట్రెయిలర్ తలుపు తెరిచాను. తలుపు తెరవగానే నాకు ఎదురైంది తమరి సోఫా. తమరు లోపలికి ముడుచుకున్నప్పుడు ఆ సోఫా నడవనంతా ఆక్రమించి, వంట గట్టుకు నాలుగంగుళాల దూరంలో ఆగుతుంది. బాత్రూము తలుపు దాని వెనకాల ఉంది. కనిపిస్తుంది, దానికున్న ఇత్తడి గడియ మిలమిలలాడుతూ కూడా ఉంటుంది, అక్కడికి పోవడానికి మాత్రం దారి లేదు. మా పదేళ్ల అమ్మాయి సోఫా మీదుగా పాకి, అవతలికి దూకి, "నానమ్మా, రా" అని పిలిచింది. నానమ్మ ఆ నాలుగంగుళాల సందు వంక చూసింది, నా వంక చూసింది. "గా సొరుగు జర తెరువరాదూ" అంది.

తెరవడానికి నాకేం అభ్యంతరం? కాని తమరు తెరుచుకునేది కుడి పక్కకు. తలుపు ఎడమ పక్కన ఉంది కాబట్టి తమరిని కుడి పక్కన పెట్టారు. రోడ్డుకు ఎడమ వార ఆగిన బండికి కుడి పక్క అంటే లారీలు పోయే దారి. అక్కడ మీట నొక్కితే చేవెళ్ల మార్కెట్టుకు పోయే టమాటా లారీ ఒకటి తమరిని, సోఫాను, పై అరలోని ఊరగాయ సీసాలను కలిపి వికారాబాద్ దాకా చేర్చేది. చివరికి అమ్మ "తర్వాత పోతలే" అని కారెక్కి కూర్చుంది. తాగిన రెండు గ్లాసుల నీళ్లకు చింతిస్తూ మిగతా దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక కొండ మీద జరిగినదాంట్లో తమరి పక్షాన చెప్పవలసింది కూడా కొంత ఉంది, దాచను. రసమట్టం పెట్టి బండి లెవల్ చూసుకుని, చక్రాల కింద చెక్కలు పెట్టి, నాలుగు మూలలా జాకీలు దించి, తమరు పోయే పక్క చెట్టూ రాయీ లేవని చూసుకుని మీట నొక్కితే, గుర్రుమని సన్నగా మూలుగుతూ తమరు బయటికి కదిలారు. ఆరున్నర అడుగుల పెట్టె కాస్తా తొమ్మిదడుగుల గదైంది. అమ్మ మొదట వెళ్లవలసిన చోటికి వెళ్లి వచ్చింది. ఆ తర్వాత నేల మీద చాప పరచుకుని, ఎవరి కాళ్లూ తగలకుండా, గంటన్నరసేపు గుర్రుపెట్టి నిద్రపోయింది. పిల్లలు క్యారమ్ బోర్డు వేసుకున్నారు. మా ఆవిడ ఎవరి మోచెయ్యీ తగలకుండా టీ పెట్టింది. పెట్టి, గ్లాసు నా చేతికిస్తూ, "స్లైడు పెట్టించేద్దామండీ" అంది. రెండు గంటలపాటు నేనూ తమరి పార్టీనే.

రెండున్నరకు వాన మొదలైంది. నాలుగింటికి సర్దుకుని మీట నొక్కితే తమరు తొమ్మిదంగుళాలు లోపలికి వచ్చి ఆగిపోయారు. ఎడమ కొస లోపలికి, కుడి కొస బయటికి, తలుపు సందులో ఇరుక్కున్న పెళ్లిపెద్దలా వంకరగా. షెడ్డుకు ఫోను చేస్తే మేస్త్రీ తాపీగా "సార్, బండి లెవల్ ఉన్నదా చూసిండ్రా?" అన్నాడు. మధ్యాహ్నం చూసినప్పుడు ఉంది. వానకు నేల మెత్తబడి ఒక మూల జాకీ రెండంగుళాలు దిగిపోయి, ఫ్రేము మెలిపడి, తమరిని జరిపే పళ్ల కడ్డీలు రెండూ ఒకదానికొకటి అబద్ధం చెప్పుకోవడం మొదలుపెట్టాయన్న సంగతి ఆ తర్వాత తెలిసింది. ఈలోగా ఫ్యానూ లైట్లూ మూడు ఫోన్లూ కలిసి పన్నెండు వోల్టుల బ్యాటరీని పీల్చేశాయి కాబట్టి, మోటారుకు తమరిని గుంజే ఓపికా లేదు. స్లైడు బయట ఉంటే బండిని ఒక్క అడుగు కూడా లాగకూడదు. అంటే మేము ఇంటికి పోవాలా వద్దా అన్నది తమరి దయ.

చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందన్నాడు మేస్త్రీ. ఉంది, బండి కింద, చక్రం వెనకాల, మడుగులో పడుకుంటే తప్ప అందని చోట. ముందు జాకీ ఎత్తి, తర్వాత హ్యాండిల్ తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. అర చుట్టు తిప్పి, చెయ్యి మార్చి, మళ్లీ అర చుట్టు. పది చుట్లకు తమరు కదిలేది బొటనవేలంత. బయటి నుంచి మా అబ్బాయి భుజం పెట్టి తోస్తున్నాడు, లోపలి నుంచి మా ఆవిడ "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని వార్తలు చదువుతోంది. తమరు లోపలికి వస్తూ వస్తూ, నెత్తి మీద మూడు గంటలుగా పోగేసుకున్న వాన నీటిని, ఆకులను, రబ్బరు అంచు దాటించి తిన్నగా సోఫా మీద కుమ్మరించారు. అనంతగిరి మూసీ నది పుట్టిన చోటని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ సాయంత్రం అక్కడ దానికి ఒక ఉపనది కూడా పుట్టింది; మా అమ్మ చాప మీదుగా ప్రవహించి, క్యారమ్ బోర్డును ముంచి, తలుపు మెట్ల దగ్గర కలిసింది.

చిన్నాచితకా ఫిర్యాదులు చాలా ఉన్నాయి, వాటికి సమయం వృథా చేయను. తమరి ఒంటి బరువు, మేస్త్రీ లెక్కలో, 220 కిలోలు. అంతా ఒకే పక్క. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారుకు తగిలించే కొక్కెం మీద, పడాలి కాబట్టి, తమరు వస్తే నీళ్ల ట్యాంకు దగ్గర నుంచి గ్యాసు బండ దాకా అన్నీ తమరికి ఒదిగి స్థానాలు మార్చుకోవాలి. తమరి గోడ పల్చన. మన మే నెల ఎండకు ఏసీ ఎంతసేపని పోరాడుతుందో చెప్పనక్కర్లేదు. రబ్బరు ఒకసారి గట్టిపడిందా, తడి తెలియకుండా ప్లైవుడ్డులోకి దిగి నేల ఉబ్బుతుంది. ఇవన్నీ పెట్టుకునే బాధలే, ఇల్లన్నాక ఉండేవే అని సరిపెట్టుకునేవాణ్ని.

కాని తిరుగు దారిలో ఏమైందో విను.

మొయినాబాద్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. అమ్మ మళ్లీ "బిడ్డా" అంది. నువ్వు లోపల, తడిసిన సోఫాతో సహా, బాత్రూముకు అడ్డంగా పడి ఉన్నావు. చేసేది లేక పెట్రోలు బంకులో ఆపాను. తాళం అడగడానికి మా ఆవిడ వెళితే, పద్దెనిమిదేళ్లు కూడా నిండని బంకు కుర్రాడు మా వెనక నిలబడ్డ పదహారడుగుల బండిని, దాని గోడ మీద బొమ్మలా గీసిన షవరును, ఎర్రమట్టిలో ముంచి తీసిన నన్ను చూసి, "అన్నా, గంత పెద్ద బండుంది, దాంట్ల బాత్రూము లేదా?" అని అడిగాడు. ఉంది తమ్ముడూ. కమోడు ఉంది, ఫ్లష్షు ఉంది, అమ్మ పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ కూడా ఉంది. ఇరవై చదరపు అడుగులిస్తానని వచ్చిన ఈ దొర, రోడ్డు మీద ఉన్నంతసేపూ మా నడవను తాకట్టు పెట్టుకున్నాడు. మా అమ్మ ఆ బంకు బాత్రూము ముందు, వెలుగు లేని చోట, నా భుజం పట్టుకుని నిలబడింది. నాలుగేళ్లుగా ఏ తలుపుకు భయపడి ప్రయాణాలు మానుకుందో సరిగ్గా అదే తలుపు ముందు. నువ్వు లోపల ఉంటే దారి ఇవ్వవు, బయటికి పోతే తిరిగి రావు. మరి నువ్వు ఎవరి కోసం? ఏకవచనంలోకి దిగినందుకు క్షమాపణ చెప్పడం లేదు.

అమెరికాలో నీకు గౌరవం ఉందంటే నమ్ముతాను. అక్కడ క్యాంపుగ్రౌండులో చదునుగా పోసిన నేల మీద, కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, మురుగు గొట్టం పక్కనే పెట్టుకుని, వారంపాటు కదలకుండా దిగేవాళ్లుంటారు. ఒకసారి తెరిస్తే మళ్లీ వెళ్లేనాడే మూస్తారు. మా ప్రయాణం అలాంటిది కాదు. అది టీ కోసం పది నిమిషాలు, మొక్కజొన్న కంకుల కోసం ఐదు, అమ్మ కోసం ఎప్పుడంటే అప్పుడు. మేము బండిలో బతికేది నువ్వు మూసుకుని ఉన్నప్పుడే. ఆ సంగతి ఆలోచించకుండా, షెడ్డులో తెరిచి పెట్టిన బండిలో తిరిగి, ఆహా ఎంత విశాలం అని మురిసింది నేనే. నిన్న టేపు పట్టుకుని మళ్లీ షెడ్డుకు వెళ్లాను. స్లైడు మూయించి, తలుపు నుంచి బాత్రూము దాకా, ఫ్రిజ్ దాకా, పడక దాకా నడవబోయాను. మూడింటిలో ఒక్కదానికే చేరాను, అది ఫ్రిజ్.

సోఫాను వెనక గోడ వైపు మార్చి, నిన్ను పడక దగ్గర చిన్నగా పెట్టిస్తే దారి మిగులుతుంది కదా అని మా ఆవిడ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కాని నడవ తెరిచి ఉన్నా జాకీ మట్టిలో దిగక మానదు, ఆకులు నీ నెత్తిన రాలక మానవు, ఆ హ్యాండిల్ తిప్పవలసిన నడుము నాదే. నీకు బదులు ఎడమ పక్కకు గుడ్డ పందిరి ఒకటి పెట్టిస్తున్నాను. అదీ విప్పితే ఎనిమిదడుగులు వస్తుంది. కారినా బయటే కారుతుంది. మూయడానికి ఎవరూ మడుగులో పడుకోనక్కర్లేదు. క్యారమ్ బోర్డు దాని కింద.

ఇట్లు,
నడుముకు బెల్టు కట్టుకున్న
ఒక కుటుంబ యజమాని

తా.క. నీ హ్యాండిల్ పొరపాటున నా కారు డిక్కీలో ఉండిపోయింది. సోమవారం వచ్చేటప్పుడు తెచ్చిస్తానని మేస్త్రీకి చెప్పు. ఇంకో మాట: నిన్న రాత్రి అన్నం తింటూ అమ్మ, "గా సొరుగు బండి మళ్లెప్పుడు తెస్తవ్ బిడ్డా, నిద్ర మంచిగ పట్టింది" అని అడిగింది. మా ఆవిడ నా వంక చూసింది. నేను పప్పు వడ్డించుకున్నాను.